ఊరి సత్రం, వీధిబడి చరిత్రను పాత రికార్డుల్లో వెతకడం ఎలా

కోస్తా, రాయలసీమ ఊళ్లలోని అన్నసత్రాల, బడుల చరిత్ర రాయదలచినవారు ఎక్కువగా కట్టడం దగ్గరే మొదలుపెడతారు. అంతకంటే ముందు ఆ ధర్మాన్ని పోషించిన మాన్యం భూమిని పట్టుకోవడం మేలు. కట్టడానికి కాగితం లేకపోవచ్చు గాని, శిస్తు మినహాయింపు పొందిన భూమిని సర్కారు లెక్క రాయకుండా వదలదు.

అందుకు ముఖ్యమైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు, వాడుకలో ఐ.ఎఫ్.ఆర్. 1858లో మద్రాసు ప్రభుత్వం ఏర్పరచిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి దీన్ని తయారు చేయించింది. కలెక్టరు కార్యాలయంలో గాని, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గాని నకలుకు దరఖాస్తు చేసేటప్పుడు పాత తాలూకా, పాత జిల్లా పేర్లు తప్పక రాయాలి. ఉదాహరణకు అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలోనిదే.

నకలు చేతికి వచ్చాక సర్వే నంబరు, విస్తీర్ణం రాసుకుని, దాత ఎవరు, మొదట పుచ్చుకున్నది ఎవరు, విచారణనాటికి అనుభవిస్తున్నది ఎవరు అన్న గడులను వరుసగా చదవాలి. సత్రం మాన్యాలు సాధారణంగా ధర్మదాయం, అంటే ధర్మకార్యాలకిచ్చిన మాన్యాల పద్దు కింద ఉంటాయి. అన్నిటికంటే నిదానంగా చదవవలసింది అధికారి సిఫారసు రాసిన గడి. ‘సత్రం నడిచినంత కాలం’ అన్న అర్థం వచ్చే షరతు అక్కడ ఉంటే భూమి సంస్థకు చెందినదని వాదించడానికి గట్టి ఆధారం దొరికినట్టే. వ్యక్తి పేరు మాత్రమే ఉంటే అతడు ధర్మకర్తా, సొంతదారుడా అన్నది మిగతా కాగితాలతో సరిచూసుకోవాలి. ఈ ఒక్క గడిని సరిగా చదవక తప్పు చరిత్రలు రాసినవారు ఉన్నారు.

సత్రం జమాఖర్చుల పుస్తకాలు దొరికితే అదృష్టమే. అవి గొలుసుకట్టు రాతలో, ఫసలీ అనే పాత శిస్తు లెక్కల సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీ జూలైలో మొదలవుతుంది; దానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశక సంవత్సరం వస్తుంది. ధాన్యం కుంచాల్లో, తూముల్లో ఉంటుంది: నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. వేలు తడిపి పేజీ తిప్పకండి, పెళుసుబారిన అంచు చేతిలోకే వస్తుంది.

బడి విషయంలో మరో జాగ్రత్త అవసరం. అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల గురించి 1822లో ఆదేశించిన విచారణకు మరుసటి ఏడాది బళ్లారి కలెక్టరు పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు లెక్కకు వచ్చారు; వాటిలో ఒక్కటీ అప్పటికి సర్కారు సాయంతో నడవడం లేదు. వీధిబడులు ఎక్కువగా తల్లిదండ్రులిచ్చే జీతంతోనే సాగేవి గనుక, ఐ.ఎఫ్.ఆర్.లో పేరు లేనంత మాత్రాన ఆ ఊళ్లో బడే లేదని తేల్చకూడదు.

చివరగా 1987 దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద సంస్థ నమోదై ఉంటే ఆ రిజిస్టరు నకలు తీసుకుని, పాత సర్వే నంబర్లను రీసర్వే నంబర్లతో పోల్చాలి. విస్తీర్ణంలో తేడా కనిపిస్తే, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ నంబర్లకు ఈసీ (భూమి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, భూమి ఎప్పుడు ఎవరి పేరిట మారిందో చూడాలి.