పన్నెండు గదుల లాడ్జికి ఒకే డిష్‌తో టీవీ

అరకు లోయలాంటి చోట పన్నెండు గదుల లాడ్జి నడుపుతున్నవారు గదికొక డిష్ బిగించవలసిన అవసరం లేదు. మేడమీద ఒకే డిష్‌ను అమర్చి, దానికి క్వాట్రో ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకుని, నాలుగు భాగాలుగా నాలుగు తీగల్లో పంపే పరికరం) తగిలించి, దాని నాలుగు తీగలను పన్నెండు లేదా పదహారు అవుట్‌పుట్ల మల్టీస్విచ్‌కు (ప్రతి బాక్సుకూ అది అడిగిన సిగ్నల్‌ను అందించే పెట్టెకు) కలిపితే సరిపోతుంది. కొనేటప్పుడు జాగ్రత్త: క్వాడ్ ఎల్‌ఎన్‌బీ వేరు, అది నేరుగా నాలుగు బాక్సులకు మాత్రమే పనికొస్తుంది.

దూరదర్శన్ వారి ఉచిత సేవ డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలోని జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి కనుక, మన ప్రాంతంలో డిష్ ఆగ్నేయం వైపు, ఆకాశంలో సుమారు 65 డిగ్రీల ఎత్తుకు గురిపెట్టాలి. ఆ దిక్కున చెట్లు, నీళ్ల ట్యాంకు అడ్డు ఉండకూడదు.

మల్టీస్విచ్ నుంచి ప్రతి గదికీ విడిగా ఆర్‌జీ-6 కేబుల్ లాగి, ప్రతి గదిలోనూ ఒక సెట్‌టాప్ బాక్సు పెట్టాలి; అప్పుడే ఒక గదివారు ఛానల్ మార్చినా పక్క గదికి ఇబ్బంది ఉండదు. చౌకగా దొరికే మామూలు స్ప్లిటర్‌తో ఈ పని జరగదు, ఎందుకంటే ఏ పోలరైజేషన్ (తరంగాల దిశ, నిలువా అడ్డమా) కావాలో ప్రతి బాక్సూ 13 లేదా 18 వోల్టులతో, ఏ బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల శ్రేణి) కావాలో 22 కిలోహెర్ట్జ్ టోన్‌తో అడుగుతుంది.

నా అనుభవంలో ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కనెక్టర్ల దగ్గరే తేలుతాయి: కేబుల్ లోపలి లోహపు జాలీలోని ఒక్క సన్నని పోగు మధ్య రాగి తీగను తాకినా షార్ట్ అయి, ఆ గదిలో ‘నో సిగ్నల్’ కనిపిస్తుంది.

పే ఛానళ్లు కావాలంటే ఇంటి కనెక్షన్‌ను గదులకు పంచకుండా, ఆపరేటర్ దగ్గర వాణిజ్య చందానే తీసుకోవాలి.