సిమ్యులేటర్ కంప్యూటర్‌ను అమ్మడం – మూడవ పాఠం: కొనేవారి ఎదుట విమానం నడిపి చూపడం

గత పాఠంలో క్యాబినెట్‌లోని దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కు థర్మల్ పేస్టు (వేడిని బయటికి పంపే పూత) మార్చి, భాగాల పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నాం. ఆ పాత కంప్యూటర్ ఏ ఫ్లైట్ సిమ్యులేటర్‌ను, అంటే విమానం నడిపే ఆటను, ఎంతవరకు నడపగలదో కొలిచి, ఉన్నది ఉన్నట్టు చూపడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

ముందుగా, మీ ప్రకటనలో "ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతుంది" అని మాత్రమే రాసి ఉంటే దాన్ని కొట్టివేయండి. 2020 ఆగస్టులో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు కోర్ ఐ5-4460 ప్రాసెసర్, జీటీఎక్స్ 770 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉంటే కనీస అవసరం తీరుతుంది. 2024 నవంబరులో వచ్చిన దానికి మాత్రం కనీసం 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 970 స్థాయి కార్డు కావాలి. నేను తొలిసారి అమ్మినప్పుడు అది ఏ సంవత్సరపు ఆట అన్నది రాయలేదు. కొన్న అబ్బాయి కొత్తది ఎక్కించుకుని, అది నడవక, మరునాడే పెట్టె మోసుకుని వచ్చాడు. తప్పు నాది కనుక డబ్బుతోపాటు దారిఖర్చులూ ఇచ్చాను.

ఇప్పుడు కొలత. 2020 నాటి ఆటలో జనరల్ ఆప్షన్లలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో ఫ్రేముల ప్రదర్శనను ఎంచుకుంటే, సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వస్తున్నాయో, వేగాన్ని ఆపుతున్నది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా అన్నదీ తెర మీద కనిపిస్తుంది. రాజమండ్రి విమానాశ్రయమైన మధురపూడి నుంచి లేచి గోదావరి మీదుగా వెళ్తే పాత కంప్యూటర్ కూడా హాయిగా నడుస్తుంది. అదే న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో దిగేటప్పుడు, చుట్టూ ఉన్న భవనాల బరువుకు ఫ్రేములు పడిపోతాయి. చాలామంది గోదావరి చూపించి అమ్మేస్తారు. మీరు రెండూ చూపండి, ఒక్కోటి కనీసం అరగంట నడపండి, ఎందుకంటే వేడెక్కాక వేగం తగ్గించుకునే కార్డు మొదటి పది నిమిషాల్లో బయటపడకపోవచ్చు. తుపాకీ ఆటల్లోలాగా ఇందులో 60 ఫ్రేములు అవసరం లేదు. తడబడకుండా 30 నిలిస్తే చక్కగా దిగవచ్చు. మెయిన్ థ్రెడ్ (ప్రాసెసర్ మీద నడిచే ఆట ప్రధాన పని) వల్ల ఆగుతున్నదని తెర చెబితే, అది ప్రాసెసర్ పరిమితి. రిజల్యూషన్ తగ్గించినా పెద్ద ప్రయోజనం ఉండదు, కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే సరిపోతుందని కొనేవారికి ఆశ పెట్టకండి.

భూమి దృశ్యాలు ఇంటర్నెట్ నుంచి వస్తాయి కాబట్టి నెట్ సంగతీ చెప్పాలి. 2020 ఆటకు కనీసం 5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నెట్ వేగం అడిగారు, 20 ఉంటే మేలన్నారు. నెట్ నెమ్మదిగా ఉన్న ఇంట్లో భవనాలు కరిగిన మైనపు ముద్దల్లా కనిపిస్తే, లోపం మీ కంప్యూటర్‌దేనని వారు అనుకుంటారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది; ఐ5-4460 వంటి నాలుగో తరం ప్రాసెసర్లు విండోస్ 11కు అధికారికంగా అర్హమైనవి కావు. ఇది మీకు నష్టం కలిగించే మాటే అయినా, బేరానికి ముందే చెప్పండి. ఆట మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది గనుక అది అమ్మకంలో చేరదని కూడా రాయండి.

అభ్యాసం: మీ కంప్యూటర్‌లో ఈ రెండు ప్రయాణాలూ చేసి, సెట్టింగులు, ఫ్రేములు, కార్డు ఉష్ణోగ్రత ఒక పట్టికగా రాయండి. వచ్చే పాఠంలో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయమైన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత భాగాల ధరలు అడిగి తెలుసుకుని, ఆ పట్టికతోనే మన ధర కట్టడం మొదలుపెడదాం.