విస్క్ కొనేముందు తీగలు చూడండి

విస్క్ అంటే గుడ్డు, క్రీమ్ లాంటివి గిలకొట్టే తీగల సాధనం. అది కొనాలనుకునేవాళ్లను నేను ముందు అడిగేది, "దాంతో ఏం గిలకొడతారు, ఏ గిన్నెలో?" అని. ఆ రెండూ తేలితే ఎలాంటిది తీసుకోవాలో దాదాపు తేలిపోయినట్టే.

తెల్లసొన, క్రీమ్ నురగ రావాలంటే పొట్ట ఉబ్బుగా ఉండే బెలూన్ విస్క్ కావాలి. తీగలు ఎంత సన్నగా, ఎంత ఎక్కువగా ఉంటే గాలి అంత బాగా కలుస్తుంది. చిక్కటి పిండిలో మాత్రం ఆ సన్న తీగలు వంగిపోతాయి, పిండంతా వాటి మధ్య ముద్దగా ఇరుక్కుంటుంది. దానికి తీగలు తక్కువగా, లావుగా ఉన్నదే మేలు. పొయ్యి మీద సాస్ కలపడానికైతే తీగలన్నీ పరిచినట్టుండే ఫ్లాట్ విస్క్ తీసుకోండి. ఉండలు కట్టేదీ, అడుగంటేదీ గిన్నె అడుగు మూలల్లోనే. బెలూన్ అక్కడికి చేరదు.

ఒక్కటే కొనగలిగితే స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కొనండి. నాన్‌స్టిక్ గిన్నెకు గీతలు పడతాయి కాబట్టి దానికి సిలికాన్ పూత ఉన్నది వాడాలి. కానీ సిలికాన్‌కు జిడ్డు త్వరగా పట్టుకుంటుంది, కాస్త జిడ్డున్నా తెల్లసొన సరిగా పొంగదు. అందుకే నేను ఆ పనికి దాన్ని తియ్యను. అల్యూమినియం గిన్నెలో స్టీల్ విస్క్ ఆడిస్తే కలిపేది బూడిద రంగుకు తిరగొచ్చు, గిన్నె మార్చండి. వెదురు విస్క్ మచ్చా టీ (జపాన్ వాళ్ల గ్రీన్ టీ పొడితో చేసేది) కోసం, మిగతా వాటికి వద్దు.

కొట్లో అందరూ పిడి పట్టు చూస్తారు. మీరు తీగలు పిడిలోకి దిగే చోట గోటితో తడిమి చూడండి. గోరు దిగేంత సందుంటే కొనకండి. సొన, నీళ్లు అందులోకి పోయి నిలవుంటాయి, కొన్నాళ్లకు వాసనొస్తుంది. ఇంట్లో ఉన్న విస్క్‌ను కడిగాక చెవి దగ్గర ఊపండి, లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తే దాన్ని మార్చే టైమొచ్చింది.

గిలకొట్టేటప్పుడు చాలామంది గుండ్రంగా తిప్పుతారు. అప్పుడు గిన్నెలోదంతా విస్క్‌తో పాటే తిరుగుతుంది, చెయ్యి నొప్పి తప్ప పని జరగదు. గిన్నె కింద తడిగుడ్డ వేసి, మణికట్టుతో అటూ ఇటూ ఆడించండి.

గుడ్డు గిలకొట్టిన విస్క్‌ను ముందు చల్లటి నీళ్లలోనే ఆడించాలి. వేడినీళ్లు పోస్తే సొన గట్టిపడి తీగలకు అతుక్కుంటుంది. తర్వాత సబ్బుతో కడిగి, తీగలు కిందికి ఉండేలా వేలాడదీస్తే నీళ్లు పిడిలోకి దిగవు.