కాంటెస్సాకి వేరే ఇంజిన్: రోడ్డెక్కాక వచ్చే సమస్యలు, ముందే చూసుకోవాల్సిన పరిష్కారాలు

మన వైపు వెనక చక్రాలు తిరిగే జోరు బండి అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది కాంటెస్సా. లెక్కకి అది స్పోర్ట్స్ కారు కాదు, నాలుగు తలుపుల సెడాన్. అయినా ఆ పొడవాటి బానెట్ చూసి మనసు పారేసుకున్నవాళ్లకి ఆ మాట చెప్పి లాభం లేదు. 1984లో వచ్చినప్పుడు దాంట్లో ఉన్నది పాత 1.5 లీటర్ల బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్, పవర్ 50 హార్స్‌పవర్ చుట్టుపక్కల. తర్వాత 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్ వచ్చి 88కి చేరింది. 2002లో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు పాత 1.5 బండి చేతికొస్తే ఎవరికైనా పుట్టే ఆలోచన ఒకటే, ఇంజిన్ మార్చేద్దామని.

కింద రాసిన లక్షణాలన్నీ బండి రోడ్డెక్కాక బయటపడేవి. కారణాలు మాత్రం ఇంజిన్ కొనకముందే మొదలవుతాయి. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే చదవండి. ఇంజిన్‌తో పాటు దాని సొంత గేర్‌బాక్సు కూడా బండి పొడవునా నిలువుగా కూర్చునే పాత ఇన్నోవా, క్వాలిస్ లాంటి వెనక చక్రాల బళ్లవైతే సగం పని తగ్గుతుంది. ముందు చక్రాల బండిలో అడ్డంగా ఉండే ఇంజిన్ చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే గేర్‌బాక్సు వెతుక్కోవడమే పెద్ద పని అవుతుంది. "ఇంజిన్ ఎక్కుద్దండి, దాని వెనకదే ఆలోచించాలి" అని షెడ్డులో అనేది అందుకే.

80 దాటితే బండి మొత్తం వణుకుతోంది

ముందు వణుకు ఎక్కడిదో తేల్చండి. రావులపాలెం దాటాక హైవే ఖాళీగా ఉన్న చోట ఆ స్పీడుకి తీసుకెళ్లి, క్లచ్ నొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజిన్ ఐడిల్‌కి దిగినా వణుకు అలాగే ఉంటే తప్పు ఇంజిన్‌ది కాదు. మొదట అన్ని చక్రాల బ్యాలెన్సింగ్, ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే పొడవాటి గొట్టం) చూడండి. న్యూట్రల్ చేయగానే పోతే ఇంజిన్ మౌంటింగులనో, క్లచ్ అసెంబ్లీనో అనుమానించాలి.

షాఫ్ట్ విషయంలో ఎక్కువసార్లు దొరికేది కోణాల తేడా. కొత్త గేర్‌బాక్సు తోక పాతదానికంటే కిందకో పైకో కూర్చుంటుంది. గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలని తిప్పే గేర్ల డబ్బా) పినియన్ షాఫ్ట్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్ ప్రతి క్రాస్ (షాఫ్ట్ చివర వంగే కీలు) దగ్గరా 1 నుంచి 3 డిగ్రీల వంపుతో ఉంటే మంచిది. వంపు అసలు లేకపోయినా చిక్కే, క్రాస్‌లోని నీడిల్ బేరింగులు ఒకేచోట నలిగి గుంటలు పడతాయి. ఫోనులో కోణం చూపించే యాప్‌తో రెండు చివర్లా కొలవొచ్చు. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే కొలవాలి. జాకీ మీద ఉండగా కొలిచిన కొలత చెత్తబుట్టకే. గేర్‌బాక్సు మౌంటింగ్ కింద పలకలు వేసో తీసో సర్దుకోవచ్చు.

షాఫ్ట్ పొడవు మార్పించేటప్పుడు లేత్ షాపు వాళ్లకి మూడు మాటలు చెప్పండి. రెండు చివర్ల క్రాస్ చెవులు ఒకే వరసలో ఉండాలి. వెల్డింగ్ అయ్యాక బ్యాలెన్సింగ్ చేయించాలి. స్లిప్ జాయింట్‌లో (షాఫ్ట్ లోపలికీ బయటికీ జరిగే చోటు) ఒక అంగుళం వరకు లోపలికి వెళ్లే ఖాళీ వదలాలి. బ్యాలెన్సింగ్ మెషీన్ లేని చోట "సరిపోద్దిలెండి" అంటే వినకండి.

డీజిల్ వేశాక 80కే ఇంజిన్ అరుస్తోంది, పెట్రోల్ వేస్తే టాప్ గేరులో లాగడం లేదు

రెండింటికీ కారణం ఒకటే, డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) కొత్త ఇంజిన్‌కి సరిపడలేదు. ఇది ముందే కాగితం మీద తేలిపోయే లెక్క. టైరు ఒక చుట్టుకి 1.9 మీటర్లు వెళ్తుందనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 700 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ 4.1 అయితే, నేరుగా తిరిగే నాలుగో గేరులో ఇంజిన్ దాదాపు 2,880 మీద ఉంటుంది. ఐదో గేరు 0.85 అయితే 2,450 దగ్గరకి దిగుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కి ఇది హాయి. 4,000 దాటి తిప్పకూడని పాత డీజిల్‌కి నాలుగో గేరులోనే ఊపిరాడదు. మీ టైరుకి సుద్దతో గుర్తు పెట్టి, ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచి, ఈ లెక్కలో మీ అంకెలు వేసుకోండి. కుదరకపోతే డిఫరెన్షియల్ లోపలి క్రౌన్-పినియన్ గేర్ల సెట్టు మార్చాలి, లేదా ఆ ఇంజిన్ ఆలోచన మానుకోవాలి. నన్నడిగితే డీజిల్ ఆలోచన మానుకోవడమే మేలు. బరువుకి ముందు స్ప్రింగులు కూడా కుంగుతాయి.

గేరు గరగరమంటోంది, లేదా పడి మళ్లీ జారిపోతోంది

గరగర అయితే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. కొత్త క్లచ్‌కి పాత మాస్టర్ సిలిండర్ సరిపడా నూనె తోయలేకపోవచ్చు, లేదా క్రాంక్ చివర పైలట్ బేరింగ్ వేయడం మరిచిపోయి ఉండొచ్చు. గేరు జారిపోతుంటే, అడాప్టర్ ప్లేటు (ఇంజిన్‌కి వేరే గేర్‌బాక్సుని కలిపే పలక) పెట్టిన బండి అయితే మాత్రం, ప్లేటు నడిమధ్యకి కూర్చోలేదేమో చూడండి. డయల్ గేజ్ పెట్టి తిప్పితే తేడా 0.13 మిల్లీమీటరు దాటకూడదు. కంటితో చూసి చెప్పే పని కాదిది.

హైవే మీద బాగానే ఉంటుంది, గట్టు రోడ్డులో హీట్ ఎక్కుతోంది

మన దగ్గర ఎక్కువగా వినిపించే గోల ఇది. కోతలప్పుడు కాలవ గట్టు మీద గడ్డి ట్రాక్టరు వెనక పాకుతున్నా, నరసాపురం రేవులో పంటు కోసం ఇంజిన్ ఆపకుండా నిలబడినా సూది పైకి లేస్తుంది. నెమ్మదిలో మాత్రమే హీట్ ఎక్కితే లోటు గాలిది. కొత్త ఇంజిన్ పొడవుకి చోటు చాలక పాత ఫ్యాన్ తీసేసి, సన్నటి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి రేడియేటర్‌కి అతికించేస్తారు. చుట్టూ ష్రౌడ్ (గాలిని ఫ్యాన్‌కి చేర్చే తొడుగు) లేకపోతే ఆ ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి మేరకే గాలి లాగుతుంది. ష్రౌడ్ చేయించండి, రేడియేటర్ మొత్తం కప్పేలా.

స్పీడులో హీట్ ఎక్కితే మాత్రం రేడియేటర్ చిన్నదైనా అయ్యుండాలి, లోపల పూడుకుపోయైనా ఉండాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి రేడియేటర్ రెక్కలు పొడిపొడిగా రాలతాయి. బోరు నీళ్లు పోస్తే లోపల పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ తప్ప ఇంకేదీ పోయకండి. ఒక్కోసారి రేడియేటర్ మూత ఇంజిన్ కంటే కిందకి పడుతుంది, అప్పుడు పైన గాలి బుడగ నిలిచిపోతుంది. ఎత్తులో విడిగా ఒక కూలెంట్ డబ్బా పెట్టిస్తే ఆ బాధ ఉండదు.

స్పీడ్ బ్రేకర్ మీద అడుగు తగులుతోంది, మలుపులో ఆయిల్ లైటు మినుకుమంటోంది

ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతు భాగం ముందుందా వెనకుందా, మీ బండి అడుగున అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ ఎక్కడ అడ్డొస్తుంది అన్నది ఇంజిన్ కొనేటప్పుడే టేపు పెట్టి చూడాలి. సంప్ కోసి మార్పిస్తే లోపల ఆయిల్ లాగే స్ట్రెయినర్ పైపు కూడా దాంతో పాటే జరగాలి. ఆ పైపుని పాత చోటే వదిలేస్తే మలుపులో గాలి పీల్చి బేరింగులు పోతాయి.

గాలి పీల్చే గొట్టం కూడా ఇక్కడే గుర్తు చేస్తున్నా. చల్లగాలి కోసం బంపర్ కిందకి దించడం ఒక ఫ్యాషన్. గోదారికి వరదొచ్చినప్పుడు లంకల్లో కాజ్‌వే దాటేవాళ్లకి అది పనికిరాదు. నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పైనే ఉంచండి.

బ్రేకు పెడల్ రాయిలా ఉంది

డీజిల్ వేశారా? బ్రేకు బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ పెట్రోల్ ఇంజిన్‌లా డీజిల్ ఇవ్వదు. దాని వాక్యూమ్ పంపు కూడా తెచ్చి బిగించాలి. అప్పటిదాకా బండి షెడ్డు దాటకూడదు.

స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతోంది

ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఇంజిన్‌ని ఆపేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) తాళంచెవిని గుర్తుపట్టలేదు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), తాళం, దాని చుట్టూ ఉండే కాయిల్, వైరింగ్ అన్నీ ఒకే బండివి ఒకేసారి కొనండి. పెట్రోల్ పంపు కూడా మారాలి. ఇంజెక్షన్‌కి 3 బార్ దాకా ఒత్తిడి కావాలి, కార్బురేటర్ పంపులో అందులో పదో వంతు కూడా కష్టమే. పాత రబ్బరు పైపులు కూడా తీసేయండి, ఆ ఒత్తిడికి ఉబ్బిపోతాయి. అన్నీ సరిగ్గా ఉండి కూడా మొరాయిస్తే ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ చూడండి. తుప్పు మీద బిగించిన ఎర్త్ ఎన్ని మాయలైనా చేస్తుంది.

బండి బాగుంది, కాగితాలు ఆగిపోయాయి

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడాగా వచ్చేలా బండిని మార్చకూడదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. అంటే ఏ కాంటెస్సా అయినా ఇప్పుడు తనిఖీకి వెళ్లాల్సిందే, అక్కడ ఇంజిన్ నెంబరు చూస్తారు. మీరు అనుకుంటున్న ఇంజిన్ పేరు, సీసీ, ఇంధనం రాసుకుని ముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి, జవాబు రాతలో తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పండి. ఇంజిన్ అమ్మినవాళ్ల దగ్గర నెంబరు వేసిన బిల్లు లేకపోతే ఎంత చవకైనా ఆ బేరం వదిలేయండి.