విజయవాడలో డివిజన్ల హద్దులపై అభ్యంతరం: దరఖాస్తు విధానం

విజయవాడ నగరపాలక సంస్థలో ఒకప్పుడు 59 డివిజన్లు, అంటే ఎన్నికల వార్డులు, ఉండేవి. 2021 ఎన్నికల నాటికి అవి 64 అయ్యాయి. హద్దులు మార్చేటప్పుడు ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు కొద్ది రోజుల గడువు పెడతారు. ఆఖరు తేదీని నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి, పేపర్లో వార్త వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. తుది నోటిఫికేషన్ వచ్చాక కోర్టుకు వెళ్దాంలే అనుకుంటే కష్టం. వార్డుల విభజన చట్టాలను కోర్టుల్లో ప్రశ్నించకుండా రాజ్యాంగంలోని 243-జెడ్‌జీ అధికరణం అడ్డుపడుతుంది. అడగాల్సింది ముసాయిదా దశలోనే.

ఓట్ల లెక్క వద్దు, జనాభా లెక్క కావాలి

విభజనకు ఆధారం చివరిగా ప్రచురించిన జనగణన. కొత్త అంకెలు వెలువడేదాకా అది 2011దే. ఎక్కువ అర్జీలు ఇక్కడే వీగిపోతాయి. ‘మా డివిజన్‌లో ఇన్ని వేల ఓట్లు, పక్కదాంట్లో అందులో సగమే’ అని రాస్తే, ఓటరు జాబితా ఎంత తాజాదైనా దాన్ని పక్కన పెట్టేస్తారు. 2011 తర్వాత లేచిన అపార్ట్‌మెంట్ల సంగతీ అంతే. చూడటానికి అన్యాయంగానే ఉంటుంది గానీ, దాన్ని మార్చడం కమిషనర్ చేతిలో లేదు.

2011లో నగర జనాభా పది లక్షల పైచిలుకు. 64 డివిజన్లకు పంచితే సగటున ఒక్కోదానికి దాదాపు 16 వేలు. మామూలుగా పాటించే పది శాతం తేడా ప్రకారం 14,400 నుంచి 17,600 వరకు సరిపోతుంది. ముసాయిదాతో ఇచ్చే పట్టికలో మీ డివిజన్ అంకె, దాన్ని ఆనుకున్న డివిజన్లన్నింటి అంకెలు చూసి రాసుకోండి.

ఆ తర్వాత బ్లాకుల పని. జనగణనలో ఒక్కో ఎన్యూమరేషన్ బ్లాకుకు, అంటే లెక్కింపు కోసం విడగొట్టిన చిన్న ప్రాంతానికి, సుమారు ఆరేడు వందల మంది ఉంటారు. జనాభా అంకె బ్లాకు మొత్తానికే దొరుకుతుంది కాబట్టి ‘మా వీధిలో ఎడమ వైపు ఇళ్లు మార్చండి’ అని అడిగితే లెక్క తేలదు. బ్లాకును బ్లాకుగానే అడగాలి. తీసేయమని ఊరుకోకుండా, ఎక్కడ కలపాలో, కలిపాక రెండు వైపులా ఎంత అవుతుందో కూడా రాయాలి. ఉదాహరణకు మీది 18,300, పక్కది 14,900 అనుకుందాం. ఆనుకుని ఉన్న రెండు బ్లాకులు, 1,350 మంది, అటు మారితే 16,950, 16,250 అవుతాయి. ఇలా రాసిన అర్జీని తోసిపుచ్చాలంటే అధికారి కూడా లెక్కతోనే జవాబు చెప్పాలి. పక్క డివిజన్ ఇప్పటికే నిండి ఉంటే మాత్రం, అక్కడి నుంచి ఇంకో బ్లాకు ఎటు పోవాలో కూడా మీరే చూపించాలి.

జనాభా సరిపోయినా భౌగోళిక కారణం బలంగా నిలుస్తుంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, రైల్వే లైన్లు ఊరిని ముక్కలు చేశాయి. కాలువకు అవతల నాలుగు వీధులను ఇటు కలిపితే వంతెన ఎంత దూరంలో ఉందో మీటర్లలో రాయండి. కొండ మీది ఇళ్ల విషయంలో మ్యాపును అసలు నమ్మొద్దు. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ వైపు కొండల మీద ఉండేవారికి దారి మెట్లే. కాగితం మీద పక్కనే కనిపించే ఇళ్లకు మెట్లు మరో వైపు దిగొచ్చు. మెట్ల దారిని స్కెచ్‌లో గీసి చూపాలి.

రిజర్వేషన్ మీద అభ్యంతరం ఇక్కడ చెల్లదు, అది తర్వాతి దశ. అయితే ఒక ఎస్సీ కాలనీని రెండు డివిజన్లకు చీల్చారంటే అది హద్దుల సమస్యే. ఆ బ్లాకుల ఎస్సీ జనాభా అంకెలతో అడగవచ్చు.

అర్జీ ఎలా ఉండాలి

నోటిఫికేషన్‌తో ఫారం ఇవ్వకపోతే తెల్లకాగితం చాలు. కమిషనర్‌కు రాస్తూ నోటిఫికేషన్ నంబరు, తేదీ, డివిజన్ నంబరు పైనే పెట్టాలి. కోరికను ఒక్క వాక్యంలో చెప్పాలి: ‘ఫలానా డివిజన్ ఉత్తరపు హద్దును ఫలానా రోడ్డు వరకు తగ్గించి, ఫలానా బ్లాకులను పక్క డివిజన్‌లో కలపవలసిందిగా కోరుతున్నాను.’ దాని కింద లెక్క, కారణం, స్కెచ్, చిరునామా ఆధారం. ఇంటి నంబరులో మొదటి అంకెను డివిజన్ నంబరనుకుని రాసేవాళ్లు చాలామంది. రెండూ వేరు. వార్డు సచివాలయం పరిధి కూడా డివిజన్ హద్దు కాదు.

ఒకే అర్జీని వంద నకళ్లు తీసి వంద సంతకాలతో ఇచ్చినా దాన్ని ఒక్క అభ్యంతరంగానే చూస్తారు. అంతకంటే పక్క డివిజన్ వాళ్లతో ‘ఈ బ్లాకులు మాలో కలిపితే అభ్యంతరం లేదు’ అని రాయించి జతచేయడం నయం.

నోటిఫికేషన్‌లో చెప్పిన చోటే ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు), తేదీ, ముద్ర వేయించుకోండి. సోమవారం ప్రజా సమస్యల అర్జీల్లో ఇస్తే రోడ్లు, డ్రైనేజీ ఫిర్యాదుల్లో కలిసిపోయి, గడువు దాటాక సంబంధిత విభాగానికి చేరే ప్రమాదం ఉంది.

తుది నోటిఫికేషన్ రాగానే నాలుగు దిక్కుల హద్దుల వివరణను వీధి వీధీ సరిచూడండి. పట్టికలో మార్పు చేసి వివరణలో పాత హద్దే వదిలేసి ఉంటే, సవరణ కోరుతూ పాత ఇన్‌వార్డు నంబరు ఉటంకించి వెంటనే లేఖ ఇవ్వాలి.