జర్మనీలో ఉద్యోగానికి వస్తున్నారా? మన "చూస్తానండీ" ఇక్కడ పనిచేయదు

మన దగ్గర ఎవరైనా పని చెప్తే మొహం మీద కుదరదు అనం కదా, "చూస్తానండీ", "ట్రై చేస్తా" అంటాం, ఆ సాగదీతలోనే అవతలివాళ్ళకి విషయం అర్థమైపోతుంది. జర్మన్ వాళ్ళు మాత్రం చూస్తానన్నాడంటే చూస్తాడనే రాసుకుంటారు. నేను వచ్చిన కొత్తలో శుక్రవారానికి అయిపోతుందా అని మా లీడ్ అడిగితే కాదనలేక ట్రై చేస్తా అన్నా, ఆయన కస్టమర్‌కి శుక్రవారం అని మెయిల్ పెట్టేశాడు. పని అవ్వనందుకు ఏమీ అనలేదు, నాకు ముందే తెలిసి కూడా చెప్పనందుకు మాత్రం చాలా బాధపడ్డాడు.

అందుకే సూటిగా చెప్పేయండి, "శుక్రవారానికి అవ్వదు, టెస్టింగ్ మిగిలుంది, మంగళవారం ఇస్తా" అని. మొదట్లో నోరు రాదు, నాకూ రాలేదు, ఇంట్లో గట్టిగా అని ప్రాక్టీస్ చేసేవాణ్ణి. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ 1976లోనే ఈ తేడా గురించి రాశాడు, కొన్ని చోట్ల అర్థమంతా మాటల్లోనే ఉంటుంది, కొన్ని చోట్ల సందర్భంలో, మనిషిలో ఉంటుంది అని. మనది రెండోది, వాళ్ళది మొదటిది.

వింటున్నాం అని తల అటూ ఇటూ ఊపుతాం చూడండి, అది వాళ్ళకి కాదన్నట్టు కనిపిస్తుంది, నోటితో "యా" అనండి.

మీటింగ్‌లో అందరి ముందు "ఇది తప్పు" అంటే పరువు పోయిందని కుంగిపోకండి, వాళ్ళు అనేది మీరు రాసిన కోడ్‌ని, మిమ్మల్ని కాదు, అదే మనిషి మధ్యాహ్నం లంచ్‌కి పిలుస్తాడు. మీకూ తప్పు కనిపిస్తే చెప్పండి, సీనియర్ అయినా సరే.

మనకి సులువైనది ఒకటుంది, మీరు, నువ్వు లాగే వాళ్ళకి "జీ", "డూ" ఉన్నాయి. కొత్తవాళ్ళని, పెద్దవాళ్ళని జీ అనండి, డూ అనమని వాళ్ళే చెప్పేదాకా ఆగండి. చాలా ఐటీ ఆఫీసుల్లో మొదటిరోజు నుంచే అందరూ డూ, బాస్ కూడా, అందులో అమర్యాదేం లేదు.

పుట్టినరోజు విషెస్ ముందురోజు చెప్పకండి, అపశకునం అనుకుంటారు. కేక్ మాత్రం పుట్టినరోజు ఉన్నవాళ్ళే తెస్తారు, మన స్కూల్లో చాక్లెట్లు పంచినట్టు.

ఇంకోటి, టైమ్ చెప్పేటప్పుడు "హాల్బ్ నొయిన్" (మాటకి మాట "సగం తొమ్మిది") అంటే తొమ్మిదిన్నర అనుకుంటాం, కాదు, ఎనిమిదిన్నర, తొమ్మిదికి సగం దూరంలో ఉన్నాం అని వాళ్ళ లెక్క. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు 8:30 అని అంకెల్లో రాయించుకోండి.