ఐస్‌లాండ్ రాజకీయ వార్తలు అర్థం చేసుకోవాలంటే

ముందు పేర్ల సంగతి తేల్చుకోండి, అక్కడ ఇంటిపేర్లు దాదాపు ఉండవు, 2024 చివర్లో ప్రధాని అయిన క్రిస్ట్రున్ ఫ్రొస్టదొత్తిర్‌ని అందరూ క్రిస్ట్రున్ అనే అంటారు, ఫ్రొస్టదొత్తిర్ అంటే ఫ్రొస్టి కూతురు అని అంతే. తర్వాత పార్లమెంట్. ఆల్థింగ్ అంటారు, 930లో థింగ్‌వెల్లిర్‌లో ఆరుబయట మొదలైంది, ఇప్పుడు రేక్యవిక్‌లో 63 సీట్లు, ఒక్క పార్టీకి మెజారిటీ రావడం అనేది ఉండదు కాబట్టి రిజల్ట్ కన్నా పొత్తు ఎవరితో అన్నదే చూడాలి. ప్రెసిడెంట్‌ని జనమే ఎన్నుకుంటారు, ఉత్తుత్తి పోస్టు అనుకునేరు, బిల్లు మీద సంతకం పెట్టనంటే అది జనం ఓటుకి పోతుంది, 2010లో ఐస్‌సేవ్ (2008లో కూలిన ఐస్‌లాండ్ బ్యాంకు వాళ్ల ఆన్‌లైన్ సేవింగ్స్ ఖాతాలు) డిపాజిట్ల బాకీ బ్రిటన్, నెదర్లాండ్స్‌కి కట్టే బిల్లుని అప్పటి ప్రెసిడెంట్ ఒలావుర్ రాగ్నర్ గ్రిమ్సన్ ఇలాగే ఆపితే 90 శాతం పైనే వద్దని కొట్టిపారేశారు. ఇంక ఆర్మీ గురించి వెతకొద్దు, లేదు, అయినా 1949 నుంచి నాటోలో ఉన్నారు మరి.